మందు వేసుకుంటున్నా హెపటైటిస్ బి ఇంకా పాజిటివే వస్తోంది, పని చేస్తున్నట్టా లేనట్టా?

హాలియా_కుర్రోడు · ఆదివారం రాత్రి 9:52

అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు, హాలియా దగ్గర ఊరు. సౌదీ వీసా మెడికల్‌లో హెపటైటిస్ బి బయటపడింది, అన్‌ఫిట్ అన్నారు. అప్పటిదాకా ఒంట్లో ఏ బాధా లేదు, ఇప్పుడూ లేదు. నల్లగొండలో డాక్టర్‌కు చూపిస్తే టెనోఫోవిర్ 300 రాశారు. రెండేళ్లు దాటింది, రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నా.

రిపోర్టులు ఇవి:
మొదట్లో వైరల్ లోడ్ 3 కోట్ల 20 లక్షలు, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే రక్తపరీక్ష) 112.
ఆరు నెలలకు లోడ్ 18 వేలు, ఎస్‌జీపీటీ 54.
ఏడాదికి లోడ్ 240, ఎస్‌జీపీటీ 36.
మొన్న చేయించింది: లోడ్ ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, ఎస్‌జీపీటీ 29.

ఇది చూసి సంబరపడి అదే రోజు హెచ్‌బీఎస్‌ఏజీ కూడా చేయించా. మళ్లీ పాజిటివ్! మా అమ్మ అయితే “రెండేళ్లు ఇంగ్లిష్ మందు మింగినా పోలేదంటే అది పోయేది కాదు బిడ్డా, పసిరికల మందు పోయించుకుందాం పా” అంటోంది. నాకూ టెన్షన్‌గా ఉంది. వైరస్ లేదంటోంది ఒక రిపోర్టు, ఉందంటోంది ఇంకో రిపోర్టు. దేన్ని నమ్మాలి? మందు మార్చమని అడగాలా?

---

మిర్యాలగూడ_ల్యాబ్ · ఆదివారం రాత్రి 10:30

తమ్మీ, రెండు రిపోర్టులూ నిజమే. రెండు పరీక్షలూ చూసేది ఒకే దాన్ని కాదు.

హెచ్‌బీఎస్‌ఏజీ కార్డు టెస్టు వైరస్ పైపొరలో ఉండే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ‘సి’ దగ్గర ఒక గీత, ‘టి’ దగ్గర ఇంకో గీత వస్తే పాజిటివ్. అంతే, ఎంత ఉందో చెప్పదు. మొదటి రోజు నీ కార్డు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది. మా దగ్గర కొందరు కార్డు వెలుతురుకు పట్టి “గీత పోయినసారి కంటే పలచబడింది కదా అన్నా” అని అడుగుతారు. గీత ముదురును బట్టి జబ్బు పెరిగిందనో తగ్గిందనో అనుకోవద్దు, ఆ కార్డు దానికోసం చేసింది కాదు.

వైరల్ లోడ్ వేరు. అది పీసీఆర్ పద్ధతిలో రక్తంలో తిరిగే వైరస్ డీఎన్‌ఏను లెక్కపెడుతుంది. నీది 3.2 కోట్ల నుంచి కనిపించని స్థాయికి వచ్చింది. ఇన్నేళ్లుగా రిపోర్టులు చూస్తున్నవాడిగా చెబుతున్నా, మంచి రిపోర్టంటే ఇదే.

ఇంకో మాట, రిపోర్టులు పోల్చుకునే ప్రతివాళ్లకూ పనికొస్తుంది. యూనిట్లు చూడండి. కొన్ని ల్యాబులు ‘ఐయూ’ల్లో ఇస్తాయి, పాత రిపోర్టులు ‘కాపీ’ల్లో ఉంటాయి. ఒక ఐయూ అంటే దాదాపు అయిదారు కాపీలు. పోయినసారి కాపీల్లో, ఈసారి ఐయూల్లో వస్తే ఏమీ మారకపోయినా బాగా తగ్గినట్టు కనిపిస్తుంది. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

---

పాలమూరు_సత్తన్న · సోమవారం ఉదయం 6:15

ల్యాబు తమ్ముడు చెప్పింది కరెక్ట్. నేను ఈ జబ్బుతో చాలా ఏళ్ల నుంచి ఉన్నా. రిటైర్డ్ టీచర్ని, మహబూబ్‌నగర్.

మా కాలంలో లామివుడిన్ ఇచ్చేవాళ్లు. తొలి ఏడాది నా లోడ్ బ్రహ్మాండంగా పడిపోయింది. తర్వాత మాత్ర ఒక్కరోజు తప్పకున్నా మళ్లీ ఎగబాకింది. హైదరాబాద్‌లో డాక్టర్ చూసి “వైరస్ మందుకు అలవాటు పడింది” అన్నాడు. తర్వాత టెనోఫోవిర్ వేశారు, అప్పట్నుంచి లోడ్ కనబడలేదు. హెచ్‌బీఎస్‌ఏజీ మాత్రం ఈనాటికీ పాజిటివే. పెళ్లిళ్లకు పోతున్నా, మనవళ్లను ఆడిస్తున్నా, స్కానింగ్‌లో లివర్ బాగుందన్నారు. ఆ కార్డు ఏమంటే నాకేమి?

హాలియా బిడ్డా, మీ అమ్మకు ఒక్కటే చెప్పు: ఎస్‌జీపీటీ 112 నుంచి 29కి రావడం ఊరికే రాదు.

---

గ్యాస్ట్రో_మేడం · సోమవారం మధ్యాహ్నం 2:05

నేను గ్యాస్ట్రోఎంటరాలజిస్టుని. ఆన్‌లైన్‌లో ఎవరికీ మందు రాయను, మార్చను. విషయం మాత్రం చెబుతాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది.

హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణంలోకి వెళ్లాక కణం కేంద్రకంలో తన డీఎన్‌ఏను ఒక చుట్టలా భద్రంగా పెట్టుకుంటుంది. దాన్ని సీసీసీడీఎన్‌ఏ అంటాం. కొత్త వైరస్ తయారవడానికి అదే మూలప్రతి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ ఆ మూలప్రతిని తాకవు. దాని నుంచి కొత్త కాపీలు తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్‌ను ఆపుతాయి. అందుకే రక్తంలో వైరస్ దాదాపు మాయమవుతుంది, మూలప్రతి మాత్రం కణంలో ఉండిపోతుంది. అది ఉన్నంతకాలం పైపొర ప్రొటీన్ తయారవుతూనే ఉంటుంది. దానికి తోడు వైరస్ డీఎన్‌ఏ ముక్కలు కొన్ని మన కణాల డీఎన్‌ఏలోనే అతుక్కుపోతాయి, అవి కూడా ఆ ప్రొటీన్‌ను చేస్తాయి. పైగా ఈ వైరస్ మొదటి నుంచీ ఖాళీ పైపొరలను అసలు వైరస్ కంటే వేల రెట్లు ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. లోడ్ సున్నా అయినా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ రావడానికి కారణం ఇదీ.

అయితే మందుకు స్పందన ఉందా లేదా అని మేము దేన్ని చూస్తాం? మొదట వైరల్ లోడ్. ఈ-యాంటిజెన్ (వైరస్ జోరుగా పెరుగుతున్నప్పుడు రక్తంలోకి వదిలే ఇంకో ప్రొటీన్) పాజిటివ్ ఉన్నవాళ్లలో ఏడాది తిరిగేసరికి ఎంటెకావిర్‌తో దాదాపు మూడింట రెండొంతుల మందికి, టెనోఫోవిర్‌తో నాలుగింట మూడొంతుల మందికి లోడ్ కనిపించని స్థాయికి వస్తుంది. ఈ-యాంటిజెన్ నెగటివ్ వాళ్లలో 90 శాతం దాకా. మిగిలినవాళ్లు విఫలమైనట్టు కాదు. నీలాగా కోట్లలో మొదలైనవాళ్లకు ఇంకొంత కాలం పడుతుంది, గ్రాఫు కిందికి దిగుతూ ఉంటే చాలు. రెండోది ఎస్‌జీపీటీ మామూలుకు రావడం. మూడోది ఈ-యాంటిజెన్ పోయి దాని మీద యాంటీబాడీ రావడం, ఇది మొదటి ఏడాదిలో అయిదుగురిలో ఒకరికి జరుగుతుంది. హెచ్‌బీఎస్‌ఏజీ పోవడం అన్నిటికంటే పై మెట్టు. మాత్రలతో అది ఏడాదికి నూటికి ఒకరికి కూడా జరగదు. వారానికోసారి 48 వారాలు ఇచ్చే పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్‌తో కొంచెం ఎక్కువ మందికి పోతుంది కానీ జ్వరం, నీరసం, దిగులు, తెల్లకణాలు తగ్గడం లాంటి ఇబ్బందులుంటాయి, అందరికీ సరిపడదు.

కాబట్టి హాలియా తమ్ముడూ, నీకు మందు బాగా పని చేస్తోంది. నువ్వు చూస్తున్న గీత ఈ మందు చెరపగలిగే గీత కాదు.

సత్తన్న గారు చెప్పిన లామివుడిన్ సంగతి కూడా చెప్పాలి. దానికి తొలి ఏడాదిలోనే దాదాపు అయిదో వంతు మందిలో, అయిదేళ్లకు 70 శాతం మందిలో వైరస్ లొంగకుండా పోయేది. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లలో ఎంటెకావిర్‌కు అయిదేళ్లలో అది ఒక శాతం చిల్లర. కానీ ముందే లామివుడిన్‌కు లొంగని వైరస్ ఉన్నవాళ్లకు ఎంటెకావిర్ ఇస్తే సగం మందిలో మళ్లీ అదే కథ. అందుకే ఎప్పుడో పదేళ్ల కింద వాడిన మందైనా సరే, డాక్టర్‌కు పేరుతో సహా చెప్పండి. పాత చీటీలు పారేయొద్దు.

---

వాడపల్లి_రైతు · సోమవారం రాత్రి 8:20

మేడం చెప్పింది నాకు మా భాషలో ఇట్లా అర్థమైంది. వరి మడిలో తుంగ. మందు కొడితే పైన ఆకు మాడిపోతుంది, మడి శుభ్రంగా కనిపిస్తుంది. కింద గడ్డ మాత్రం మట్టిలోనే ఉంటుంది. మడి బాగుంది కదా అని వదిలేస్తే మళ్లీ లేస్తుంది. అంతేనా మేడం?

---

గ్యాస్ట్రో_మేడం · సోమవారం రాత్రి 8:41

అంతే. రేపటి నుంచి ఓపీలో ఇదే చెబుతా, అనుమతి ఇవ్వండి 🙂

---

గద్వాల_నిజం · సోమవారం రాత్రి 9:10

ఇక్కడ అందరూ ఇంగ్లిష్ మందులకే వత్తాసు. మా చిన్నాయనకు కళ్లు పచ్చబడి, మూత్రం పసుపు నీళ్లలా వస్తే ఊళ్లో పసరు పోయించుకున్నాడు. పథ్యం చేశాడు, రెండు వారాల్లో లేచి తిరిగాడు. రూపాయి ఖర్చు లేదు. జీవితాంతం మాత్రలు మింగమనేది కంపెనీల వ్యాపారం కాక ఏంది?

---

పాలమూరు_సత్తన్న · సోమవారం రాత్రి 9:35

గద్వాల తమ్మీ, కోపం వద్దు. మీ చిన్నాయనకు వచ్చింది ఏ రకమో పరీక్ష చేయించారా? నీళ్లతో, తిండితో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకున్నా తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు పోతుంది. బి, సి ముదిరితే వాటంతటవి పోవడం అరుదు, అక్కడే అసలు పరీక్ష.

---

గ్యాస్ట్రో_మేడం · సోమవారం రాత్రి 10:02

సత్తన్న గారికి థాంక్స్. ఇంకొక్క మాట, మూలికల్ని ఎవరూ పట్టించుకోలేదనుకోకండి. నేల ఉసిరి మీద 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. నెల రోజులు వాడితే సగానికి పైగా మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయిందన్నారు. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది, ఇతర చోట్ల మళ్లీ చేసి చూశారు. ఆ ఫలితం నిలబడలేదు. టెనోఫోవిర్ కూడా అదే గీటురాయి మీద నిలబడితేనే మేము రాస్తున్నాం.

నాకు అసలు భయం పసరు కంటే పసరు కోసం మాత్ర ఆపడం. ఏ ఆకు, ఎంత మోతాదు అన్నది తెలియని మందు దెబ్బతిన్న కాలేయం మీద పడటం ఇంకో భయం.

---

కొడంగల్_కోడలు · మంగళవారం ఉదయం 11:18

ఆపడం అంటే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. మా బావ పుణేలో సెంట్రింగ్ పని. మా దిక్కు సగం ఊరు ముంబై, పుణేల్లోనే ఉంటుంది కదా. ఏడాదిన్నర మాత్రలు వాడాడు, లోడ్ కనిపించట్లేదన్నారు. “నెగటివ్ అయింది, ఇంకెందుకు” అని సైట్ మారినప్పుడు ఆపేశాడు. కొన్ని నెలలు బాగానే ఉన్నాడు. తర్వాత అన్నం సయించలేదు, కడుపు ఉబ్బింది, కళ్లు పచ్చగా అయ్యాయి. మేస్త్రీ బస్సెక్కించి పంపాడు. హైదరాబాద్‌లో చేర్చినప్పుడు ఎస్‌జీపీటీ వెయ్యి దాటి ఉంది, లోడ్ మళ్లీ కోట్లలో. మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. బతికాడు కానీ మునుపటి మనిషి కాలేదు, బరువు పని వదిలేశాడు.

మా అక్క ఇప్పటికీ అంటుంది, “నెగటివ్ అని చెప్పినోడు ఆపొద్దని కూడా చెప్పుంటే బాగుండు” అని.

---

మిర్యాలగూడ_ల్యాబ్ · మంగళవారం ఉదయం 11:50

అక్కా, చదువుతుంటే బాధేసింది. మేము రిపోర్టు చేతికిస్తూ “నెగటివ్ వచ్చింది” అని నోటితో అనేస్తాం. రోగి ఇంటికి ఆ ఒక్క మాటే తీసుకెళ్తాడు. నేను ఇకనుంచి “వైరస్ కనిపించట్లేదు, మాత్ర ఆపొద్దు, డాక్టర్‌కు చూపించు” అని మూడూ కలిపే చెబుతా.

---

గ్యాస్ట్రో_మేడం · మంగళవారం మధ్యాహ్నం 1:30

కొడంగల్ కోడలి బావకు జరిగినదాన్ని ఫ్లేర్ అంటాం. మందు ఆగగానే మూలప్రతి నుంచి వైరస్ మళ్లీ తయారవుతుంది. శరీరం దాని మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ దాడిలో చచ్చేవి మన కాలేయ కణాలే. ముందే సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్లకు ఇది ప్రాణాంతకం కావచ్చు.

పనికోసం ఊరు విడిచి వెళ్లేవాళ్లు వెళ్లేముందు నాలుగు నెలలకు సరిపడా మందు, చీటీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. టెనోఫోవిర్ పెద్ద మందుల షాపుల్లో ఎక్కడైనా దొరుకుతుంది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది, దాని కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ‘హెపటైటిస్ ట్రీట్‌మెంట్ సెంటర్ ఎక్కడ’ అని అడగండి.

---

నకిరేకల్_పద్మక్క · మంగళవారం రాత్రి 7:45

మాది సి రకం, ఇక్కడ అడగొచ్చా? మా నాన్నకు డయాలసిస్ నడుస్తోంది. హెపటైటిస్ సి వచ్చింది. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర 12 వారాలు వాడాం. అయిపోయిన మూడు నెలలకు లోడ్ చేస్తే నాట్ డిటెక్టెడ్. డాక్టర్ “నయమైంది” అన్నాడు. కానీ డయాలసిస్ చేసేచోట యాంటీ-హెచ్‌సీవీ పాజిటివ్ అని ఇంకా వేరే మిషన్ మీదే పెడుతున్నారు, ఆ మిషన్ ఖాళీ లేదని రాత్రి షిఫ్టు ఇస్తున్నారు. 70 ఏళ్ల మనిషి తెల్లారుజామున ఇంటికి వస్తున్నాడు. ఇదీ హెపటైటిస్ బి లాగే ఎప్పటికీ పోదా?

---

గ్యాస్ట్రో_మేడం · మంగళవారం రాత్రి 9:20

పద్మ గారూ, సి అలా కాదు. సి వైరస్ ఆర్‌ఎన్‌ఏ వైరస్, కేంద్రకంలో మూలప్రతి దాచుకోదు. కాపీలు తయారవకుండా కొన్ని వారాలు ఆపితే ఉన్నవి నశించిపోతాయి. మందు ఆపిన 12 వారాల తర్వాత కూడా లోడ్ కనిపించకపోతే నయమైనట్టే. దాన్ని ఎస్‌వీఆర్ 12 అంటాం. మన దేశంలో ఎక్కువగా కనిపించే జీనోటైప్ 3 అనే ఉపరకంలో కూడా ఈ మందుతో 95 శాతం దాకా నయమవుతున్నారు. సిర్రోసిస్ ఉంటే కొంచెం తక్కువ.

యాంటీ-హెచ్‌సీవీ అన్నది వైరస్ కాదు, వైరస్ మీద మన శరీరం తయారుచేసిన యాంటీబాడీ. నయమయ్యాక కూడా ఏళ్లతరబడి, చాలామందికి జీవితాంతం ఉంటుంది. మీ నాన్నగారికి ఇకమీదట ఆ టెస్టు చేయడంలో అర్థమే లేదు. చేయాల్సింది ఆర్‌ఎన్‌ఏ టెస్టు, అదీ డయాలసిస్ వాళ్లకు అప్పుడప్పుడూ చేస్తూ ఉండాలి, ఎందుకంటే ఆ యాంటీబాడీ మళ్లీ సోకకుండా కాపాడలేదు. మీ డాక్టర్‌తో ‘ఎస్‌వీఆర్ 12 సాధించారు, ఆర్‌ఎన్‌ఏ నెగటివ్’ అని లెటర్‌హెడ్ మీద రాయించుకుని డయాలసిస్ యూనిట్ నెఫ్రాలజిస్టుకు నేరుగా ఇవ్వండి. టెక్నీషియన్‌తో వాదించి లాభం లేదు.

ఇంకొకటి, ఇది పద్మ గారికే కాదు. సి మందు మొదలుపెట్టేముందు బి కూడా ఉందేమో తప్పక చూడాలి. సి తగ్గుతుంటే అణిగి ఉన్న బి లేవొచ్చు. గ్యాస్ మాత్రలు వేసుకుంటే వెల్పటాస్విర్ ఒంటికి సరిగా పట్టదు. గుండెకు అమియోడరోన్ వాడేవాళ్లు, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి.

---

నకిరేకల్_పద్మక్క · మంగళవారం రాత్రి 9:48

మేడం, ఒక్క లెటర్ సంగతి ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ. రేపే పోతా.

---

మిర్యాలగూడ_ల్యాబ్ · మంగళవారం రాత్రి 10:15

సోఫోస్బువిర్ అంటే గుర్తొచ్చింది. 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సు 84 వేల డాలర్లు. 2014లో ఇక్కడి కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారు, 2015లో మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో జెనరిక్‌లు తెచ్చాయి. బి టీకా కథ కూడా అంతే. విదేశీ టీకా మామూలు జనానికి అందని ధర ఉన్నప్పుడు, 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్ దేశంలోనే తొలి రీకాంబినెంట్ టీకా తెచ్చింది. గద్వాల తమ్ముడు కంపెనీల వ్యాపారం అన్నాడు కదా, వ్యాపారమే. కానీ ఆ వ్యాపారం మన పక్కనే జరగబట్టి మందు చేతికందింది.

---

మర్రిగూడ_వాసి · బుధవారం ఉదయం 7:05

మేడం, మాది ఫ్లోరైడ్ ఏరియా అని మీకు తెలిసే ఉంటుంది. నాకు 52. నడుము, మోకాళ్లు ఎప్పటి నుంచో పట్టేస్తాయి, అందరం ఫ్లోరైడే అనుకుంటాం. మూడేళ్లుగా టెనోఫోవిర్ వాడుతున్నా, లోడ్ కనిపించట్లేదు. ఈ మందు ఎముకల మీద పడుతుందని ఎక్కడో చదివా. ఆపాలా?

---

గ్యాస్ట్రో_మేడం · బుధవారం మధ్యాహ్నం 2:40

ఆపకండి. కానీ మీ ప్రశ్న చాలా సరైనది, మీ ఏరియాలో ప్రతి రోగీ అడగాల్సింది.

టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్, అంటే 300 మిల్లీగ్రాముల మాత్ర, కొందరిలో మూత్రపిండాల గొట్టాల మీద ప్రభావం చూపుతుంది. ఫాస్ఫేట్ మూత్రంలో పోతుంది, ఎముక సాంద్రత తగ్గుతుంది. అందుకే క్రియాటినిన్, ఫాస్ఫరస్, మూత్ర పరీక్ష అప్పుడప్పుడూ చేయిస్తాం. ఫ్లోరోసిస్‌లో ఎముక ముందే దెబ్బతిని ఉంటుంది, నొప్పులు కూడా ఉంటాయి. కొత్త నొప్పి మొదలైతే ‘ఫ్లోరైడ్ నొప్పే’ అని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. మీ ఊరి పేరు, నొప్పులు ఎప్పటి నుంచి, ఇప్పుడు పెరిగాయా అన్నది మీ డాక్టర్‌కు విడిగా చెప్పండి. అవసరమైతే టెనోఫోవిర్ అలాఫెనమైడ్ 25 మిల్లీగ్రాములకు మారుస్తారు. అది కాలేయ కణంలోకి నేరుగా చేరేలా తయారైంది, రక్తంలో తక్కువ ఉంటుంది, ఎముకకు, కిడ్నీకి మేలు. లేదా ఎంటెకావిర్. అది మాత్రం పరగడుపున వేసుకోవాలి, తిన్నాక రెండు గంటలు ఆగి, మళ్లీ తినడానికి రెండు గంటల ముందు. ఏ మార్పయినా ఒక మందు ఆపిన రోజే ఇంకొకటి మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

---

తిప్పర్తి_స్వాతి · బుధవారం సాయంత్రం 5:12

నాకు ఐదో నెల. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అన్నారు. అత్తగారింట్లో ఇంకా చెప్పలేదు. బిడ్డకు వస్తుందా? పాలు ఇవ్వొచ్చా?

---

గ్యాస్ట్రో_మేడం · బుధవారం సాయంత్రం 6:00

స్వాతి, రాకుండా ఆపే మార్గం ఉంది, నువ్వు టైముకే అడిగావు. ఇప్పుడే వైరల్ లోడ్ చేయించు. 2 లక్షల ఐయూ దాటితే ఏడో నెల దగ్గర, అంటే 28 వారాల నుంచి టెనోఫోవిర్ ఇస్తారు. కాన్పు నాటికి లోడ్ పడిపోతుంది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు హెపటైటిస్ బి టీకా మొదటి డోసు, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల) ఇంజెక్షన్ పడాలి. ఇది కాన్పు చేసే డాక్టర్‌కు ముందే చెప్పి, ఇమ్యునోగ్లోబులిన్ తెప్పించి ఉంచమను. మన దగ్గర చాలాసార్లు జరిగే పొరపాటు ఏంటంటే బిడ్డ పుట్టాక దానికోసం హైదరాబాద్‌కు పరుగెత్తడం. ఇవన్నీ సరిగా జరిగితే పాలు ఇవ్వొచ్చు, టెనోఫోవిర్ వాడుతున్నా ఇవ్వొచ్చు.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. మీ ఆయనకు మాత్రం పరీక్ష, నెగటివ్ అయితే టీకా కావాలి, కాబట్టి ఆయనకైనా చెప్పు. ఒకే కంచంలో తింటే, గ్లాసు పంచుకుంటే ఇది అంటదు. ఆ మాట కూడా చెప్పు.

---

హాలియా_కుర్రోడు · గురువారం రాత్రి 10:20

అందరికీ దండాలు. ఇదంతా అమ్మకు చదివి వినిపించా. తుంగ మాట దగ్గర “ఔ” అని తలూపింది. డాక్టర్ దగ్గరికి పోయి ఈ-యాంటిజెన్ కూడా చేయించా. మొదట్లో పాజిటివ్ ఉండేది, ఇప్పుడు నెగటివ్, దాని యాంటీబాడీ పాజిటివ్. ఫైబ్రోస్కాన్ (లివర్ గట్టిదనం కొలిచే స్కాన్) 9.1 నుంచి 6.2కి వచ్చింది. మేడం, ఇక ఎప్పుడు ఆపొచ్చు? రెండోది, వీసా మెడికల్‌కు లోడ్ నిల్ అన్న రిపోర్టు చూపిస్తే ఫిట్ ఇస్తారా? ఏజెంట్ దగ్గర కట్టిన డబ్బు ఇంకా అక్కడే ఉంది.

---

గ్యాస్ట్రో_మేడం · శుక్రవారం ఉదయం 8:30

ఈ-యాంటిజెన్ పోయి యాంటీబాడీ వచ్చిందంటే నేను పైన చెప్పిన మూడో మెట్టు కూడా ఎక్కావు. కాలేయం గట్టిదనం తగ్గడం కూడా మంచి కబురే. కొంత మచ్చ నిజంగానే వెనక్కి వెళ్తుంది. టెనోఫోవిర్ మీద అయిదేళ్ల తర్వాత మళ్లీ బయాప్సీ చేసిన అధ్యయనంలో మొదట సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి సిర్రోసిస్ లేకుండా పోయింది.

ఆపడం గురించి: ఈ మార్పు వచ్చాక కనీసం ఏడాది, చాలామంది డాక్టర్లు మూడేళ్లు కొనసాగించమంటారు. ఆపినా కొందరిలో మళ్లీ లేస్తుంది, కాబట్టి ఆపాక నెలనెలా పరీక్షలకు రాగలిగిన వాళ్లకే ఆ ఆలోచన. సౌదీలో ఉండి అది కుదరదు. ఇప్పుడైతే ఆపే మాట వద్దు. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ అవసరమో కాదో నీ డాక్టర్‌ను అడుగు. మందు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది, సున్నా చేయదు.

వీసా విషయం నేరుగా చెబుతా. గల్ఫ్ మెడికల్ వాళ్లు చూసేది హెచ్‌బీఎస్‌ఏజీనే, లోడ్ కాదు. నీకు మందు ఎంత బాగా పని చేసినా ఆ కాగితం మీద మారదు. ఏజెంట్ ‘మేనేజ్ చేస్తా’ అంటే నమ్మొద్దు, అక్కడ దిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి పంపితే ఉన్న డబ్బూ పోతుంది. డబ్బు వెనక్కి అడుగు.

ఇంకోటి అడగాలి. మీ అమ్మకు, అన్నదమ్ములకు పరీక్ష చేశారా? నీ వయసువాళ్లకు ఇది ఎక్కువగా పుట్టుకతో తల్లి నుంచో చిన్నప్పుడో వచ్చి ఉంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉండొచ్చు. పాజిటివ్ వచ్చిన ప్రతివాళ్లకూ మందు అక్కర్లేదు, లోడ్, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు చూసి తేలుస్తాం. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ హద్దులు సడలించింది, లోడ్ 2 వేలు దాటి ఎస్‌జీపీటీ ఎక్కువుంటే మొదలుపెట్టమంటోంది. లేనివాళ్లకు టీకా.

---

వాడపల్లి_రైతు · శుక్రవారం ఉదయం 9:15

మేడం, దసరాకు ఒక్క సీసా కల్లు కూడా వద్దా? తమ్ముడి తరఫున అడుగుతున్నా 😄

---

గ్యాస్ట్రో_మేడం · శుక్రవారం ఉదయం 9:18

వద్దు. తమ్ముడికీ వద్దు, మీకూ వద్దు.

---

హాలియా_కుర్రోడు · శుక్రవారం మధ్యాహ్నం 12:40

వీసా సంగతి మనసులో తెలుసు మేడం, ఎవరో ఒకరు చెప్పాలని ఆగా. ఏజెంట్‌కు ఫోన్ చేశా, సోమవారం రమ్మన్నాడు.

అమ్మకు ఎప్పుడూ చేయించలేదు. అన్నకు ఇద్దరు పిల్లలు, వాళ్లకూ చేయించాలి. ల్యాబ్ అన్నా, అందర్నీ ఒకేసారి మిర్యాలగూడ తీసుకొస్తే అవుతుందా? పరగడుపున రావాలా? అమ్మ పొద్దున చాయ్ లేకుంటే ఉండదు.

---

మిర్యాలగూడ_ల్యాబ్ · శుక్రవారం మధ్యాహ్నం 12:58

ఈ టెస్టుకు పరగడుపు అక్కర్లేదు తమ్మీ, అమ్మను చాయ్ తాగే రమ్మను. కార్డు రిజల్ట్ అరగంటలో వచ్చేస్తుంది. పిల్లల టీకా కార్డులు ఉంటే పట్టుకురండి, హెపటైటిస్ బి డోసులు పడ్డాయో లేదో ఒకసారి చూద్దాం. ఆదివారం సగం రోజే ఉంటాం, పదిలోపు రండి.

---

హాలియా_కుర్రోడు · శుక్రవారం మధ్యాహ్నం 1:04

సరే అన్నా. ఐదుగురం వస్తాం.